మీట లాగితే ఎంత వస్తుంది?

పెద్ద పెద్ద రైల్వేస్టేషన్లలో ఒకప్పుడు బరువు తూచే యంత్రాలు ఉండేవి. దాని మీద ఎక్కి నిలబడి, చీలికలో నాణెం వేస్తే రంగురంగుల దీపాలు వెలిగేవి, అద్దం వెనుక ఒక చక్రం గిర్రున తిరిగేది. కాసేపటికి టపీమని ఒక అట్టముక్క కింద పడేది. దానికి ఒక పక్క మీ బరువు, రెండో పక్క మీ జాతకం! కావాలంటే మీ తాతగారిని అడగండి. బరువు సంగతి ఎలా ఉన్నా జాతకం మాత్రం ఎప్పుడూ బ్రహ్మాండంగా ఉండేది.

ఇప్పుడు ఉప్పల్‌కు మెట్రో రైలు వచ్చింది. 2017 నవంబరులో మొదలైన ఆ రైలు కోసం స్టేషన్లలో టిక్కెట్లిచ్చే యంత్రాలు పెట్టారు. డబ్బు ఇస్తే టిక్కెట్టు ఇస్తుంది. పదిసార్లు ఇస్తే పదిసార్లూ ఇస్తుంది. ఒక్కసారి ఇవ్వకపోయినా మనం ఊరుకోం, అక్కడున్న ఉద్యోగితో పేచీ పెట్టుకుంటాం.

డబ్బు మింగి ఏమీ ఇవ్వకపోయినా ఎవరూ పేచీ పెట్టుకోని యంత్రం ఒకటున్నది. పైగా, ఇవ్వలేదు గనక ఇంకోసారి డబ్బు వేద్దామనిపించే యంత్రం అది. దాని పేరు స్లాట్ మెషిన్. స్లాట్ అంటే చీలిక అని అర్థం. నాణెం వేసే చీలిక అన్నమాట.

1890ల దశకంలో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ఛార్లెస్ ఫే అనే మెకానిక్ దీనికి ఒక రూపం ఇచ్చాడు. మూడు చక్రాలు, పక్కన ఒక మీట. చక్రాల మీద గుర్రపు నాడా, ఇస్పేటు, డైమను, ఆఠీను, పగిలిన గంట బొమ్మలు. నాణెం వేసి మీట లాగితే మూడు చక్రాలూ తిరిగి, ఒకదాని తర్వాత ఒకటి ఆగేవి. మూడింటి మీదా గంట వచ్చిందా, అందరికన్నా పెద్ద బహుమతి! దానికి ఆయన లిబర్టీ బెల్ అని పేరు పెట్టాడు.

ఉప్పల్‌లోగాని, నాచారంలోగాని ఇలాంటి యంత్రాలు మీకు కనిపించవు. డబ్బు పెట్టి అదృష్టం మీద ఆడే జూదాన్ని మన 1974 నాటి గేమింగ్ చట్టం నిషేధిస్తుంది. దేశంలో ఇవి చట్టబద్ధంగా ఉన్నది గోవా, సిక్కిం వంటి ఒకటి రెండు చోట్ల మాత్రమే. మరి మనకెందుకు ఈ గొడవ అంటారేమో! యంత్రం ఇక్కడ లేకపోయినా దాని కడుపులో ఉన్న లెక్క ఇక్కడికి వచ్చేసింది. సెల్‌ఫోన్ ఆటల్లో తిరిగే చక్రాలకూ, మాల్‌లో గాజుపెట్టె లోపల బొమ్మలను పట్టుకునే కొక్కేలకూ అదే లెక్క. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్లో కుటుంబాలకు కుటుంబాలే చితికిపోతుంటే, ఇంటర్నెట్ రమ్మీతో సహా వాటిని తెలంగాణ 2017లో నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి చట్టమే చేసింది.

ఈ యంత్రాల దగ్గరికి వెళ్ళినవాళ్ళందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఏ యంత్రం ఎక్కువ ఇస్తుంది? దేని ముందు కూర్చోవాలి?" ఇది చెడ్డ ప్రశ్నేమీ కాదు. లెక్కల పుస్తకంలో ఉండదగ్గ ప్రశ్న. జవాబు వెతుకుదాం రండి.

చింతగింజల యంత్రం

మూడు ఖాళీ డబ్బాలు తీసుకోండి. ఒక్కొక్క డబ్బాలో పది కాగితపు చీటీలు వేయాలి. ఒక చీటీ మీద గంట బొమ్మ గీయండి. రెండింటి మీద తామరపువ్వు. మూడింటి మీద మామిడిపండు. మిగిలిన నాలుగూ ఖాళీగా వదిలేయండి. మూడు డబ్బాల్లోనూ ఇదే పద్ధతి. మీ స్లాట్ మెషిన్ తయారైపోయింది! ఇనుప చక్రాలూ దీపాలూ లేవు, అంతే తేడా.

డబ్బుకు బదులు చింతగింజలు వాడదాం. ఒక గింజ గిన్నెలో వేసి, ఒక్కొక్క డబ్బాలోంచి చూడకుండా ఒక్కొక్క చీటీ తీయండి. మూడూ గంటలైతే గిన్నెలోంచి 300 గింజలు మీకు. మూడూ తామరలైతే 40. మూడూ మామిడిపండ్లైతే 10. ఇంకేం వచ్చినా సున్న. తీసిన చీటీలు మళ్ళీ వాటి డబ్బాల్లోనే వేసి కలపాలి సుమా!

ఇప్పుడు లెక్క. మూడు డబ్బాల్లోంచి చీటీలు మొత్తం 10 × 10 × 10, అంటే 1000 రకాలుగా రావచ్చు. మూడు గంటలు వచ్చే దారి అందులో ఒక్కటే. మూడు తామరలకు 2 × 2 × 2, అంటే 8 దారులు. మూడు మామిడిపండ్లకు 3 × 3 × 3, అంటే 27. ఈ వెయ్యి రకాలూ ఒక్కొక్కసారి వచ్చాయనుకోండి. మీరు గిన్నెలో వేసినవి 1000 గింజలు. మీకు తిరిగి వచ్చినవి గంటల వల్ల 300, తామరల వల్ల 320, మామిడిపండ్ల వల్ల 270. మొత్తం 890.

అంటే ఈ యంత్రం నూరు గింజలు మింగి సగటున 89 కక్కుతుంది. దీన్ని మనం వాపసు శాతం అందాం. మిగిలిన 11 యంత్రం యజమానివి. ఆయన ఎవరినీ మోసం చేయలేదు, చీటీలు దాచలేదు. వచ్చే దారుల సంఖ్యకన్నా ఇచ్చే బహుమతిని కొంచెం తక్కువగా పెట్టాడు, అంతే.

"నూటికి 89 తిరిగొస్తుందంటే ఫరవాలేదే, పదకొండే కదా పోయేది!" అనుకుంటున్నారా? కాస్త ఆగండి. తిరిగొచ్చిన 89 గింజలను జేబులో వేసుకుని ఇంటికి పోయేవాడెవడు? వాటితో మళ్ళీ ఆడతాడు. అప్పుడు 79 అవుతాయి. మళ్ళీ ఆడితే 70, తర్వాత 63, ఆ తర్వాత 56. ఇలా పదిసార్లు తిప్పేసరికి నూరు గింజలు సగటున 31కి దిగిపోతాయి. ఇరవైసార్లు తిప్పితే పదికూడా ఉండవు. యంత్రం ఒక్కో తడవకు తీసుకునేది పదకొండే. కాని మిగిలినదాంట్లోంచి మళ్ళీ మళ్ళీ తీసుకుంటుంది.

ఒకే శాతం, వేరు వేరు యంత్రాలు

మొదటి దాన్ని గంట యంత్రం అందాం. ఇప్పుడు అవే డబ్బాలు, అవే చీటీలతో రెండో యంత్రం చేద్దాం. బహుమతులు మాత్రం మారుద్దాం. మూడు గంటలకు 50 గింజలే. మూడు తామరలకు 24. మూడు మామిడిపండ్లకు ఎప్పటిలా 10. వీటికి తోడు, సరిగ్గా రెండు మామిడిపండ్లు వచ్చినా 2 గింజలు ఇస్తాం.

రెండు మామిడిపండ్లు ఎన్ని రకాలుగా వస్తాయి? మామిడి కాని చీటీలు ఒక్కో డబ్బాలో ఏడు. ఆ ఏడింటిలో ఒకటి మొదటి డబ్బాలోనైనా, రెండో దాంట్లోనైనా, మూడో దాంట్లోనైనా రావచ్చు. కనుక 3 × 3 × 7, మళ్ళీ మూడింతలు: 189. ఇక కూడండి. గంటలకు 50, తామరలకు 192, మామిడిపండ్లకు 270, జంట మామిడిపండ్లకు 378. మొత్తం మళ్ళీ 890! దీని వాపసు శాతం కూడా 89. దీన్ని మామిడి యంత్రం అందాం.

శాతం ఒకటే. కాని రెండు యంత్రాల ముందూ కూర్చుని చూడండి, పగలుకూ రాత్రికీ ఉన్నంత తేడా! మామిడి యంత్రం వందసార్లలో 22, 23 సార్లు ఏదో ఒకటి ఇస్తూనే ఉంటుంది. గంట యంత్రం వందసార్లలో సగటున మూడు నాలుగుసార్లే పలుకుతుంది. అటువంటి దాని ముందు పదిమంది, మనిషికి నూరు గింజల చొప్పున ఆడారనుకోండి. నూరుసార్లు లాగితే గంటలు మూడూ పడే అవకాశం పదింట ఒక వంతుకు కాస్త తక్కువ. అంటే ఆ పదిమందిలో ఇంచుమించు ఒకడికి గంట పడుతుంది. మిగిలిన తొమ్మిదిమందీ సగటున 59 గింజలతో లేస్తారు. గంట పడినవాడి చేతిలో సగటున 359 ఉంటాయి. పదిమందివీ కలిపి పదితో భాగిస్తే మళ్ళీ అదే 89.

చిత్రమేమిటంటే ఆ 89 ఎవరి చేతిలోనూ లేదు. ఒకడి దగ్గర చాలా ఎక్కువ ఉన్నది, తొమ్మిదిమంది దగ్గర చాలా తక్కువ ఉన్నది. ఆ ఒక్కడు గెలిచినప్పుడు దీపాలు మెరుస్తాయి, గంటలు మోగుతాయి, ఊరంతా చెప్పుకుంటారు. 59తో లేచినవాడి కథను ఎవరూ చెప్పుకోరు. వాడు కూడా చెప్పడు.

కనుక "ఏది ఎక్కువ ఇస్తుంది?" అన్న ఒక్క ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. సగటున ఎంత ఇస్తుందనేది ఒకటి. ఏ రీతిలో ఇస్తుందనేది రెండోది. చిన్న చిన్న బహుమతులు తరచుగా ఇచ్చే యంత్రం మీ గింజలను నెమ్మదిగా తింటుంది. అరుదుగా పెద్దది ఇచ్చే యంత్రం చాలామంది దగ్గర గబగబా తిని, ఒకడి ఒళ్ళో పోస్తుంది. యజమానికి మాత్రం రెండింటిలోనూ వచ్చేది ఒకటే.

ఒక్క చీటీ మార్చితే

ఇప్పుడు అసలైన చిక్కు చూడండి. గంట యంత్రాన్ని మళ్ళీ తీసుకోండి. ఎవరూ చూడకుండా మూడో డబ్బాలోంచి ఒక తామర చీటీ తీసేసి, ఒక ఖాళీ చీటీ వేయండి. ముప్ఫై చీటీల్లో మారింది ఒక్కటే. బహుమతుల పట్టిక మారలేదు. తామరల దారులు మాత్రం 8 నుంచి 2 × 2 × 1, అంటే నాలుగుకు పడిపోయాయి. బహుమతుల మొత్తం 730 అయింది. 89 శాతం యంత్రం కాస్తా 73 శాతం యంత్రమైంది!

రెండు యంత్రాలనూ పక్కపక్కన పెట్టి, ఏది 89, ఏది 73 అని మిమ్మల్ని కనిపెట్టమంటే ఏం చేస్తారు? నూరుసార్లు లాగి చూస్తారా? మంచి యంత్రంలో కూడా నూరుసార్లలో ఒక్క తామర బహుమతీ రాకపోయే అవకాశం నూటికి 45. దొంగ యంత్రంలో అది నూటికి 67. మీకు తామర రాలేదంటే రెండింటిలో ఏదైనా కావచ్చు.

ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పే శాస్త్రం ఉప్పల్‌కూ నాచారానికీ పక్కనే ఉన్నది. హబ్సిగూడలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారి కేంద్రం ఒకటి పనిచేస్తున్నది. ఫ్యాక్టరీల్లో తయారయ్యే వస్తువుల నాణ్యతను గణాంకాలతో అదుపు చేయడం అక్కడివారి పని. ఆ సంస్థను 1931లో కలకత్తాలో మహలనోబిస్ స్థాపించారు. మన తెలుగువాడు సి.ఆర్. రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో అక్కడ చేరి, దాదాపు నలభై ఏళ్ళు పనిచేసి ప్రపంచ ప్రసిద్ధులయ్యారు. 2023లో, నూట రెండేళ్ళ వయసులో, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకున్నారు. అదే సంవత్సరం ఆగస్టులో కన్నుమూశారు.

నాచారం పారిశ్రామికవాడలో సీసా మూతలు చేసే ఫ్యాక్టరీ ఒకటి ఉన్నదనుకోండి. రోజుకు లక్ష మూతలు. వెయ్యికి నాలుగు చెడిపోతున్నాయా, ఎనిమిది చెడిపోతున్నాయా అన్నది తెలియాలి. లక్షా పరీక్షించలేరు గదా! కొన్ని తీసి చూస్తారు. ఎన్ని తీస్తే ధైర్యంగా చెప్పవచ్చన్నదే ప్రశ్న. మన యంత్రాల ప్రశ్న కూడా అచ్చంగా ఇదే. తామర వెయ్యికి ఎనిమిదా, నాలుగా?

ఇందులో ఒక మొండి సూత్రం ఉంది. మీరు నాలుగు రెట్లు ఎక్కువసార్లు చూస్తేనే మీ సందేహం సగానికి తగ్గుతుంది. తొమ్మిది రెట్లు చూస్తే మూడో వంతుకు తగ్గుతుంది. మీకు వచ్చిన గింజలను మాత్రమే లెక్క పెడుతూ 89కీ 73కీ తేడా గట్టిగా తేల్చాలంటే సుమారు 40 వేలసార్లు లాగాలి. మూడు గంటలు ఒక్కసారి ఎక్కువ పడ్డా, తక్కువ పడ్డా 300 గింజలు అటూ ఇటూ అయిపోతాయి. ఆ ఊగిసలాటలో తామరల తేడా మునిగిపోతుంది.

ఆరు సెకన్లకు ఒకసారి లాగారనుకున్నా గంటకు 600సార్లు. 40 వేలంటే రోజుకు పది గంటల చొప్పున ఇంచుమించు వారం రోజులు! ఇంతా చేసి అది మంచి యంత్రమే అని తేలిందనుకోండి. అది తెలుసుకోవడానికి మీకు పోయినవి సగటున 4,400 గింజలు. దొంగ యంత్రమని తేలితే 10,800. ఇలా తెలుసుకున్నవాడికి ఆ తెలివిని వాడుకోవడానికి గింజలు మిగలవు.

నాణ్యత చూసే ఇంజనీరైతే ఇంకొంచెం తెలివిగా పోతాడు. గింజలను వదిలేసి మూడు తామరలు ఎన్నిసార్లు వచ్చాయో మాత్రమే లెక్క పెడతాడు. అప్పుడు 4,500సార్లు చాలు. గొప్ప ఆదా! కాని దేన్ని లెక్క పెట్టాలో ఆయనకు ముందే తెలియాలి. యంత్రం ముందు కూర్చున్నవాడికి మారింది తామరో, మామిడో, గంటో ఎలా తెలుస్తుంది?

అందుకే జూదానికి అనుమతి ఉన్న దేశాల్లో ప్రభుత్వాలు మీట లాగుతూ కూర్చోవు. యంత్రం లోపలి ప్రోగ్రామును తెరిచి పరీక్షిస్తాయి. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో వాపసు 75 శాతానికి తగ్గకూడదని నియమం. న్యూజెర్సీలో 83. మన దొంగ తామర యంత్రం రెండు చోట్లా పనికిరాదు. సెల్‌ఫోన్‌లో ఎక్కడి నుంచో వచ్చే అక్రమ ఆట లోపల ఎన్ని తామరలున్నాయో తెరిచి చూసేదెవరు?

లోపలి చక్రాలు

ఛార్లెస్ ఫే నాటి యంత్రంలోనైతే చక్రాల మీద బొమ్మలు లెక్క పెట్టుకోవడానికి కాస్త వీలుండేది. చక్రానికి పది చోట్లు, మొత్తం వెయ్యి రకాలు, మన డబ్బాల మాదిరే. 1984లో ఇంగె టెల్నేస్ అనే ఇంజనీరుకు అమెరికాలో ఒక పేటెంటు లభించింది. దానితో ఆ వీలు కూడా పోయింది. ఆయన పద్ధతిలో చక్రం ఎక్కడ ఆగాలో చక్రం నిర్ణయించదు. లోపలి ఎలక్ట్రానిక్ పరికరం ఒక యాదృచ్ఛిక సంఖ్యను పుట్టించి, దాని ప్రకారం చక్రాన్ని ఆపుతుంది.

దీని వల్ల ఏమైంది? పైకి కనిపించే చక్రం మీద 22 చోట్లున్నాయనుకోండి. అందులో గంట ఒకటే. మూడు గంటలు పడే అవకాశం 22 × 22 × 22, అంటే 10,648లో ఒకటి అని మీరు లెక్క వేస్తారు. కాని లోపలి జాబితాలో 64 సంఖ్యలుండి, గంటకు వాటిలో ఒక్కటే కేటాయిస్తే అసలు అవకాశం 2,62,144లో ఒకటి! కంటికి కనిపించే చక్రం వట్టి అలంకారం. ఇంకో కిటుకు కూడా ఉన్నది. గంటకు సరిగ్గా పైనా, కిందా ఉన్న ఖాళీలకు ఎక్కువ సంఖ్యలు కేటాయిస్తే గంట మాటిమాటికీ గీతకు వెంట్రుకవాసి దూరంలో ఆగుతుంది. "అయ్యో, కొద్దిలో తప్పిపోయిందే!" అనుకుంటాడు ఆడేవాడు. తప్పడం ఎంత దూరంలో తప్పినా ఒకటే అని అతనికి తోచదు.

"ఈ యంత్రం పొద్దుటి నుంచీ ఏమీ ఇవ్వలేదు, ఇక ఇవ్వక తప్పదు" అనే మాట ఇంకొకటి. మీ డబ్బాలను చూడండి. తీసిన చీటీ మళ్ళీ డబ్బాలోకే పోతున్నది. వందసార్లు గంట రాకపోయినా డబ్బాలో గంట చీటీ ఒకటే. నూటొకటోసారి కూడా వెయ్యిలో ఒక అవకాశమే. ఉప్పల్ స్టేడియంలో ఒక కెప్టెను వరసగా ఐదు టాసులు ఓడిపోయినా ఆరో టాసులో నాణేనికి అతని మీద జాలి పుట్టదు.

అయితే ప్రపంచంలో అన్నీ ఇలా జ్ఞాపకం లేనివి కావు. ఉప్పల్ రోడ్డులోనే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉన్నది. 1961లో స్థాపించిన ఆ సంస్థలో భూకంపాలను అధ్యయనం చేస్తారు. భూమి పొరల్లో పగులు దగ్గర ఏళ్ళ తరబడి ఒత్తిడి పేరుకుంటుంది. చాలాకాలం కంపించని చోట "ఒత్తిడి పెరిగింది" అనడంలో అర్థముంది, రోజూ గంటా చెప్పలేకపోయినా. రాయి ఒత్తిడిని దాచుకుంటుంది. స్లాట్ మెషిన్ ఏదీ దాచుకోదు.

గంటకు ఎంత?

ఇక ఎంచుకోవడం సంగతి. రెండు యంత్రాలున్నాయనుకోండి. వాపసు శాతాలు ఎవరో నిజాయితీగా రాసి పెట్టారు. మొదటిది 89 శాతం, ఒక్కో తడవకు 10 రూపాయలు. రెండోది 80 శాతం, ఒక్కో తడవకు 1 రూపాయి. ఏది మేలు?

89 అనకండి! గంటకు 600సార్లు లాగితే మొదటిదాంట్లో పెట్టేది 6,000 రూపాయలు, పోయేది సగటున 660. రెండోదాంట్లో పెట్టేది 600, పోయేది 120. నెవాడా ప్రభుత్వం ప్రకటించే లెక్కల్లో కూడా ఒక సెంటు యంత్రాలు నూటికి ఎక్కువ ఉంచుకుంటాయి, డాలరు యంత్రాలు తక్కువ ఉంచుకుంటాయి. అది చూసి డాలరు యంత్రానికి పరుగెత్తేవాడు శాతాన్ని చూస్తున్నాడు, పర్సును చూడటం లేదు. పోయేది తేల్చాలంటే మూడు సంఖ్యలు కావాలి: తడవకు ఎంత, గంటకు ఎన్ని తడవలు, నూటికి ఎంత పోతుంది. మూడింటినీ గుణించండి. వేగం తగ్గినా మేలే. కాఫీ తాగుతూ పక్కవాడితో కబుర్లు చెప్పేవాడు అదే యంత్రం దగ్గర సగమే పోగొట్టుకుంటాడు. ఏ యంత్రమైనా, ఏ వేగమైనా, గుణకారం చివర వచ్చేది మాత్రం పోయేదే.

ఇక్కడ మన హైదరాబాదుకు సంబంధించిన ఒక కేసు చెప్పాలి. 1963లో సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు, రమ్మీ ఆడిస్తున్నారని. కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. మూడు ముక్కలాట వంటిది పూర్తిగా అదృష్టం మీద నడుస్తుంది, రమ్మీ అలా కాదు, పడిన ముక్కలను గుర్తుంచుకోవాలి, ఏది పట్టాలో ఏది వదలాలో ఆలోచించాలి, కనుక అందులో నేర్పు ప్రధానం అని కోర్టు తేల్చింది. స్లాట్ మెషిన్‌లో నేర్పుకు చోటే లేదు. మీట మెల్లగా లాగినా, గట్టిగా లాగినా, కళ్ళు మూసుకుని లాగినా సంఖ్య లోపలే పుడుతుంది.

ఇవి రెండూ కలిసినట్టు కనిపించేది మాల్‌లో బొమ్మల పెట్టె. గాజుపెట్టెలో ఎలుగుబంట్లు, కుందేళ్ళు. పైన మూడు వేళ్ళ కొక్కెం. చాలా యంత్రాల్లో ఆ వేళ్ళు ఎంత గట్టిగా పట్టుకోవాలన్నది యజమాని మార్చుకోవచ్చు. కొన్ని రకాల్లో ఎన్ని ఆటలకు ఒకసారి గట్టి పట్టు ఇవ్వాలో కూడా పెట్టుకోవచ్చు. మిగతా ఆటల్లో కొక్కెం బొమ్మను సగం ఎత్తి, నీరసం వచ్చినట్టు వదిలేస్తుంది. గట్టి పట్టు వచ్చిన ఆటలో మీ గురి తప్పితే అదీ వృథా. నేర్పు ఉన్నది నిజమే, కాని పట్టు వచ్చినప్పుడే దానికి పని.

ఆట 50 రూపాయలు, పన్నెండు ఆటలకు ఒకసారి పట్టు అనుకుందాం. గురి ఎప్పుడూ తప్పనివాడికి కూడా బొమ్మ సగటున 600 రూపాయలు పడుతుంది. అదే ఎలుగుబంటి బజారులో 200కు దొరికితే? మీ తమ్ముడు "ఆ పెట్టె మంచిది, ఈ పెట్టె మంచిది" అని చెయ్యి లాగుతున్నప్పుడు ఒక పావుగంట నిలబడి ఇతరులు ఆడేది చూడండి. ఎన్ని ఆటలు, ఎన్ని బొమ్మలు అని కాగితం మీద గీతలు గీయండి. ఇతరుల డబ్బుతో నమూనా తీయడమన్నమాట. కొద్ది ఆటలు చూసి గట్టిగా చెప్పలేమని ఇందాక తెలుసుకున్నాం గదా. అయినా ముప్ఫై ఆటల్లో ఒక్క బొమ్మా కదలని పెట్టె చూశాక తమ్ముణ్ణి ఒప్పించడం తేలిక.

డబ్బాలు ఇంకా పారేయకండి, ఒక లెక్క మిగిలింది. మొదటి గంట యంత్రాన్ని యథాప్రకారం పెట్టండి. ఈసారి మొదటి డబ్బాలో ఒక ఖాళీ చీటీ తీసేసి ఇంకో గంట చీటీ వేయండి. వాపసు శాతం ఎంత? మూడు గంటలకు ఇప్పుడు 2 × 1 × 1, అంటే రెండు దారులు. 600, 320, 270 కలిపి 1190. అంటే నూటికి 119! ఇప్పుడు నష్టపోయేది యజమాని.

ఆయనకు ఈ సంగతి ఎప్పుడు తెలుస్తుంది? వెయ్యిసార్లు ఆడినా ఒక్కసారి కూడా మూడు గంటలు పడకుండా ఉండే అవకాశం నూటికి 13 పైనే ఉన్నది. ఆ రోజుల్లో ఆయన గిన్నె నిండుతూనే ఉంటుంది, వ్యాపారం ఎప్పటికన్నా బాగుందనుకుంటాడు. ఆయన కూడా గిన్నె చూసి తెలుసుకోలేడు. డబ్బాలు బోర్లించి ముప్ఫై చీటీలూ లెక్క పెట్టాల్సిందే.